బాపు అడిగిన లెక్క

ప్రశ్న: నేను జగిత్యాల జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆరేళ్ల కింద మా దగ్గర పదో తరగతి పాసైన అమ్మాయి ఇప్పుడు కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. పది దాకా తెలుగు మీడియం, ఇంటర్ గురుకులంలో హెచ్‌ఈసీ, డిగ్రీ సర్కారు కాలేజీలో హెచ్‌ఈపీ. వాళ్లమ్మ బీడీలు చేస్తుంది. వాళ్ల బాపు పన్నెండేళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చి రెండెకరాలు చేసుకుంటున్నాడు. మొన్న పండక్కి ఇంటికొచ్చి మా స్కూలుకూ వచ్చింది. "మేడమ్, నేను యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే ఏం చెయ్యాలె?" అని అడిగింది. నాకు తెలిసింది బీఈడీ, టెట్, డీఎస్సీ. అంతకు మించి తెలియదు. మర్నాడు వాళ్ల బాపు వచ్చి, "బీఈడీ చేస్తే డీఎస్సీ రాసుకుంటది గదా మేడమ్. ఈ పీహెచ్‌డీ అంటే ఎన్నేండ్లు, ఎంతయితది, ఆఖరుకు ఏమొస్తది? లెక్క చెప్పుండ్రి" అన్నాడు. పదో తరగతిలో జాతీయాదాయం పాఠం చెప్తుంటే, "మా అమ్మ చేసే పని ఇందులో ఎక్కడ రాస్తరు మేడమ్?" అని అడిగిన పిల్ల ఆమె. వాళ్లకు ఏం చెప్పమంటారు? (పేరు రాయొద్దన్నారు.)

సమాధానం:

టీచర్ గారూ, ముందుగా ఒక ఫిర్యాదు. ఆ పిల్ల ప్రశ్నకు ఆ రోజు మీరేం జవాబు చెప్పారో రాయలేదు. ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని, అది తెలుసుకోవాలని నాకు బాగా ఉంది. మళ్లీ ఉత్తరం రాస్తే అది కూడా రాయండి.

ఇక బాపు సంగతి. ఇలాంటి సందర్భాల్లో మనం, అంటే పంతుళ్లం, తల్లిదండ్రులకు ఉపన్యాసం ఇస్తాం. చదువు విలువ, ఆడపిల్ల కాళ్ల మీద నిలబడటం, గొప్పవాళ్ల కథలు. ఆయన వినయంగా తలూపి ఇంటికెళ్లి బీఈడీ ఫారం తెప్పిస్తాడు. తప్పు ఆయనది కాదు. ఆయన అడిగింది లెక్క, మనం చెప్పింది కథ. దుబాయ్ పోయినప్పుడు ఆయన ఏజెంటుకు ఎంత కట్టాడు, వడ్డీ ఎంత, ఆ అప్పు తీరి మొదటి రూపాయి మిగలడానికి ఎన్ని నెలలు పట్టిందీ ఆయన్నే అడిగి చూడండి, వేళ్ల మీద చెప్తాడు. అలాంటి మనిషికి లెక్కే చెప్పాలి. నాకు తెలిసినంత వరకు చెప్తాను. అందులో చేదు భాగం కూడా ఉంది, దాన్ని దాచకుండా ఆయన ముందు పెట్టండి.

మొదట ఆయన నమ్ముతున్న లెక్కను చూద్దాం. బీఈడీ రెండేళ్లు, తర్వాత టెట్, తర్వాత డీఎస్సీ. ఇది ఖాయమైన దారి అని ఊళ్లలో అందరి నమ్మకం. తెలంగాణలో 2017లో టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి పెట్టిన పేరు) నోటిఫికేషన్ వచ్చాక మళ్లీ పూర్తయిన నియామకం 2024లోనే. 11,062 పోస్టులు, ఫిబ్రవరిలో నోటిఫికేషన్, అక్టోబర్‌లో నియామక పత్రాలు. ఎనిమిది నెలల్లో ముగించారు, మెచ్చుకోవాల్సిందే. కానీ దానికి ముందు ఏడేళ్లు బీఈడీ సర్టిఫికెట్లు పట్టుకుని ఎంతమంది ఎదురుచూశారో మీ స్టాఫ్ రూములో కొత్తగా చేరినవాళ్లని అడిగితే చెప్తారు. అంటే ఆయన అనుకునే దారిలోనూ ఎదురుచూపులు ఉన్నాయి. ఎదురుచూపు రెండు వైపులా ఉన్నప్పుడు ఏ వైపు నిలబడి ఎదురుచూడాలి అన్నదే అసలు ప్రశ్న. చర్చ అక్కడ మొదలుపెట్టండి.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన దారి. డిగ్రీ కాలేజీలోనో యూనివర్సిటీలోనో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీ లేయర్ ఓబీసీలకు, దివ్యాంగులకు 50 శాతం చాలు. దాని మీద నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ పాసవ్వాలి, లేదా నిబంధనల ప్రకారం చేసిన పీహెచ్‌డీ ఉండాలి. యూనివర్సిటీ పోస్టులకు పీహెచ్‌డీ తప్పనిసరి చేస్తామని కొన్నేళ్లు అన్నారు. 2021 అన్నారు, 2023కి జరిపారు, చివరికి 2023 జులై నుంచి నెట్, సెట్ ఉంటే చాలని తేల్చారు. ఇది చాలామందికి ఇప్పటికీ తెలియదు. పీహెచ్‌డీ అయ్యేదాకా ఏ పోస్టుకూ పనికిరామనుకుని దరఖాస్తులే పెట్టనివాళ్లను నేను చూశాను. కానీ కాగితం మీద కనీస అర్హత వేరు, ఇంటర్వ్యూ గదిలో పోటీ వేరు. యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ లేకుండా ఎంపికయ్యేవాళ్లు తక్కువ. కాబట్టి ఆ అమ్మాయి నెట్‌ని ద్వారం అనుకోవాలి, పీహెచ్‌డీని ఇల్లు అనుకోవాలి.

నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్ పేరుతో ఒకటి, డిసెంబర్ పేరుతో ఒకటి. ఇక్కడే అన్నిటికంటే ముఖ్యమైన మాట: పీజీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా రాయొచ్చు. అంటే ఆ అమ్మాయి ఇప్పుడే రాయొచ్చు. మన పిల్లలు ఎం.ఏ. పూర్తయ్యాక, టీసీ తెచ్చుకున్నాక, ఒక కోచింగ్ సెంటర్ వెతుక్కున్నాక మొదలుపెడతారు. అప్పటికి హాస్టల్ పోయింది, లైబ్రరీ పోయింది, తోటి చదివేవాళ్లు తలో దిక్కూ పోయారు, ఇంట్లో సంబంధాల మాట మొదలైంది. హాస్టల్లో ఉండగా రాసే నెట్, ఇంట్లో కూర్చుని రాసే నెట్ ఒకటి కావు. ఓబీసీలకు ఫీజు 600 రూపాయలు. మొదటిసారి పోయినా పోయేది అంతే.

పరీక్ష మూడు గంటలు. మొదటి పేపరు అందరికీ ఒకటే, 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండో పేపరు ఎకనామిక్స్, 100 ప్రశ్నలు, 200 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. మొదటి పేపర్లో బోధన, పరిశోధన, తర్కం, పట్టికలు చదవడం, కంప్యూటర్లు, పర్యావరణం లాంటి పది యూనిట్లు ఉంటాయి. అందులో ఉన్నత విద్యా వ్యవస్థ యూనిట్‌లో నలంద, తక్షశిల నుంచి నేటి కమిషన్ల దాకా అడుగుతారు. సోషల్ టీచర్‌గా అది మీరే చెప్పేయగలరు. ఆదివారం ఫోన్లో ఒక గంట చాలు.

ఎకనామిక్స్ పేపరే అసలు గండం. అందులోనూ గండం ఎక్కడో చెప్తాను. పది యూనిట్లలో రెండు లెక్కలే: ఒకటి గణాంకాలు, ఎకనామెట్రిక్స్; రెండోది గణిత అర్థశాస్త్రం. హెచ్‌ఈసీ నుంచి హెచ్‌ఈపీ మీదుగా వచ్చిన పిల్ల పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం తెరిచి ఉండదు. డిగ్రీలో పాసవ్వడానికి అవసరం పడదు, ఎం.ఏ.లో కూడా చాలాచోట్ల ఆ పేపరును కంఠస్థం చేసి గట్టెక్కుతారు. నెట్‌లో అది కుదరదు. మరి ఏం చెయ్యాలి? ఇంటర్ ఎంపీసీ లెక్కల పుస్తకాల్లోంచి మాత్రికలు, అవకలనం, సంభావ్యత, ఈ మూడు పాఠాలు తెచ్చుకుని మొదటి నుంచి చేసుకోమనండి. మీ స్కూల్లో మ్యాథ్స్ సారు ఉన్నారు కదా. సెలవులకు వచ్చినప్పుడు ఆయన దగ్గర పది రోజులు కూర్చోబెట్టండి. వరంగల్‌లో నెలల తరబడి కోచింగ్ కంటే మీ స్టాఫ్ రూములో ఆ పది రోజులు ఎక్కువ పని చేస్తాయి. ఇది నేను ఊరికే అనడం లేదు. నేను డిగ్రీలో చేరాక మా హైస్కూల్ లెక్కల సారు ఇంటి అరుగు మీద కూర్చునే అవకలనం నేర్చుకున్నాను. ఆయన భార్య చాయ్ ఇస్తూ, "పాసై వెళ్లినోడు మళ్లీ వచ్చిండేందుకు?" అని నవ్వేది.

రెండోది భాష. నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లో మాత్రమే ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలు ఇక్కడ భయపడతారు. భయం దేనికో కాస్త విడదీసి చూస్తే సగం పోతుంది. ఆ అమ్మాయికి డిమాండ్ వ్యాకోచత్వం తెలుసు. ఉదాసీనతా వక్రరేఖ గీయడం తెలుసు. విషయం తలలో ఉంది, పేరు మాత్రమే వేరే భాషలో కావాలి. తెలుగు అకాడమీ బీఏ పుస్తకం పక్కన ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల ఇంగ్లిష్ ఎకనామిక్స్ పుస్తకాలు పెట్టుకుని, ఒక నోటుబుక్కులో ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లిష్ మాట రాసుకుంటూ పోతే రెండు నెలల పని. రోజూ ఇంగ్లిష్ పేపరు సంపాదకీయం చదవమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. చదివితే మంచిదే. కానీ ముందు ఈ నోటుబుక్కు.

ఇక ఫలితం. రిజర్వుడు వర్గాలకు రెండు పేపర్లూ కలిపి 35 శాతం, మిగతావాళ్లకు 40 శాతం వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. అలా తీసుకున్నాక కూడా పరీక్షకు హాజరైనవాళ్లలో ఆరు శాతం మందికే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత. జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్, వచ్చేది అంతకంటే కొద్దిమందికి. ఈ ఆరు శాతం మాట బాపుకు తప్పకుండా చెప్పండి. "రాస్తే వస్తుంది" అనొద్దు.

2024 నుంచి ఇంకో మార్పు వచ్చింది. నెట్ స్కోరుతోనే చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీటు ఇస్తున్నాయి. జేఆర్‌ఎఫ్ గానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత గానీ రాకపోయినా, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రం అర్హత రావచ్చు. అలాంటివాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఏడాది మాత్రమే పనికొస్తుంది. కాబట్టి మార్కులు వచ్చాయని ఫ్రేము కట్టి గోడకు పెట్టి కూర్చోకూడదు.

ఇప్పుడు డబ్బు. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత పని సమీక్షించి సీనియర్ ఫెలోగా చేస్తే 42,000. మొత్తం ఐదేళ్లు. 37,000 ఇరవై నాలుగు నెలలు, 42,000 ముప్పై ఆరు నెలలు కూడితే సరిగ్గా 24 లక్షలు. హాస్టల్ దొరకకపోతే ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. పాఠం చెప్పే ఉద్యోగం ఇంకా రాకముందే, చదువుకున్నందుకు ఇచ్చే డబ్బు ఇది. దుబాయ్ కూలీ లెక్క తెలిసిన మనిషికి ఈ అంకె కాగితం మీద రాసి చూపించండి. అయితే కింద చిన్న అక్షరాలతో ఇది కూడా రాయండి: ఆ డబ్బు కొన్నిసార్లు నాలుగైదు నెలలు ఆగి ఒకేసారి పడుతుంది. స్కాలర్లు ఆ నెలల్లో మెస్ బిల్లుకు అప్పు చేస్తారు. బీడీ కంపెనీలో వారం పైసలు ఆలస్యమైతే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో కొత్తగా చెప్పక్కర్లేదు.

జేఆర్‌ఎఫ్ రాకపోతే? ఓబీసీలకు, ఎస్సీలకు, ఎస్టీలకు వేర్వేరు జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. ఓబీసీ, ఎస్సీ ఫెలోషిప్‌ల ఎంపికకు నెట్‌ని చూస్తారు కాబట్టి నెట్ రాసి ఉండటం అక్కడా పనికొస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్ లేని స్కాలర్‌కు నెలకు 8,000 ఇస్తారు. తిండికి సరిపోతుంది, ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. సోషల్ సైన్సుల్లో పరిశోధనకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ అనే జాతీయ మండలి ఇచ్చే ఫెలోషిప్ కూడా ఉంది. రాష్ట్ర యూనివర్సిటీలో ఇవేవీ లేకుండా పీహెచ్‌డీలో చేరితే సున్నా. ఆ సున్నాతో చేరొద్దని నా గట్టి మాట. ఎందుకో నా సంగతి చెప్తే తెలుస్తుంది.

నేను ఎస్జీటీగా మొదలై, జూనియర్ లెక్చరర్ అయి, ఉద్యోగం చేస్తూ పార్ట్ టైమ్ పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నాను. నాకు గైడ్‌గా దొరికినాయన మంచి మనిషి, చదువుకున్న మనిషి. కానీ రెండేళ్లలో రిటైరవుతున్నారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రిటైరయ్యాక కొత్త గైడ్ కోసం నా ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు చేరడానికి పట్టిన కాలంలో మా పెద్దమ్మాయి ఎల్‌కేజీ నుంచి రెండో తరగతికి వచ్చింది. థీసిస్ చేతికొచ్చేసరికి నాకు నలభై నాలుగు. నాకైతే జీతం ఉంది కాబట్టి గట్టెక్కాను. నాతోపాటు రిజిస్టర్ చేసుకుని జీతం లేనివాళ్లు ముగ్గురు మధ్యలోనే వదిలేశారు. తెలివిలో ముగ్గురూ నాకంటే పైవాళ్లే.

అందుకే గైడ్‌ని ఎంచుకునే ముందు అడగాల్సినవి అడగమనండి, మొహమాటం వద్దు. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఒక ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మాత్రమే తీసుకోవచ్చు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉంటే కొత్తవాళ్లను తీసుకోకూడదు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లు రిటైరవుతున్నారు, వాళ్ల కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. కాబట్టి సీట్లు కూడా తగ్గిపోతున్నాయి. "సార్, మీ దగ్గర ఖాళీ ఉందా, మీ సర్వీసు ఇంకెన్నేళ్లుంది, మీ దగ్గర చివరగా పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది?" అని అడిగితే మంచి గైడ్ కోపగించుకోడు. కోపగించుకుంటే అదే జవాబు. ఆ చివరగా పూర్తిచేసినవాళ్లతో, ముఖ్యంగా అమ్మాయిలతో, విడిగా మాట్లాడమనండి. ఎందుకంటున్నానో మీకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఆడపిల్ల అన్నాను కాబట్టి పెళ్లి మాట కూడా. వాళ్ల బాపు మీ దగ్గర ఎత్తలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. అవే నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు అని ఉంది. మహిళలకు ఇంకో రెండేళ్లు సడలింపు, మొత్తం కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు ఉన్నాయి. అంటే పెళ్లయితే పీహెచ్‌డీ పోతుందన్న మాట కాగితం ప్రకారం తప్పు. ఇంట్లో నిజమవుతుందా లేదా అన్నది కట్టుకునేవాడి మీద, వాడి తల్లి మీద ఉంటుంది. అది నాకంటే మీకే బాగా తెలుసు.

మనవాళ్లు పెద్ద పేర్లు చెప్తారు. నిజమే, ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని మైలారంలో పుట్టిన జి. రామ్‌రెడ్డి 1982లో మన సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ, 1985లో ఇగ్నోకూ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు, తర్వాత యూజీసీ చైర్మన్ కూడా. అక్కంపేటలో పుట్టి ఎకనామిక్స్ చదివిన జయశంకర్ సారు ఆ అమ్మాయి చదువుతున్న కాకతీయకే వైస్ ఛాన్సలర్‌గా చేశారు. గర్వంగా చెప్పుకోవాల్సిన పేర్లే. కానీ వాళ్లు పాఠాలు మొదలుపెట్టిన రోజుల్లో జిల్లాకు ఎం.ఏ. చదివినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఇప్పుడు ఒక్కో పోస్టుకు బారెడు క్యూ. వాళ్ల కథ చెప్పి ధైర్యం ఇవ్వండి, దారి మాత్రం వాళ్ల కాలానిది చెప్పకండి.

ఆఖరుకు ఏమొస్తది అని ఆయన అడిగారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం ఏడో వేతన సంఘం లెక్కలో 57,700 దగ్గర మొదలవుతుంది, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. మీలాంటి స్కూల్ అసిస్టెంట్‌కు ఇప్పటి పీఆర్సీలో 42,300 దగ్గర మొదలు. తేడా ఉంది. కానీ ఇరవై నాలుగేళ్లకు టీచరైన పిల్ల, ముప్పై రెండేళ్లకు అసిస్టెంట్ ప్రొఫెసరైన పిల్ల ఇద్దరి ఖాతాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎనిమిదేళ్ల జీతం ముందుగా తెచ్చుకున్నామె చాలాకాలం దాకా పైనే ఉంటుంది. డబ్బు కోసమే అయితే బాపు చెప్పిందే సరైన దారి. ఇది చెప్పడానికి నాకు ఇబ్బంది ఏమీ లేదు. ఈ దారి ఎవరికంటే, ఒక ప్రశ్న పట్టుకుంటే వదలనివాళ్లకు. మీరు రాసిన ఆ ఒక్క వాక్యం లేకపోతే నేను ఈ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాసేవాణ్ని కాదు.

పోస్టులు ఎక్కడ? సర్కారు డిగ్రీ కాలేజీల నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు. యూనివర్సిటీల నియామకాలకు ఒకే బోర్డు పెట్టాలని 2022లో అసెంబ్లీ బిల్లు ఆమోదించింది, అది గవర్నర్ దగ్గర ఆగింది. గురుకులాల బోర్డు 2023లో తొమ్మిది వేలకు పైగా పోస్టులు ఇచ్చినప్పుడు అందులో డిగ్రీ కాలేజీ లెక్చరర్లవీ ఉన్నాయి. ఆ అమ్మాయి గురుకులంలోనే చదివింది కాబట్టి ఆ వాతావరణం తెలుసు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు దేశమంతా ఉన్నాయి. తెలంగాణ దాటి వెళ్లగలిగితే తలుపులు రెట్టింపు అవుతాయి. అందుకే సెట్ కంటే నెట్ మేలు అంటాను. ఉస్మానియా నిర్వహించే మన సెట్ మన రాష్ట్రంలోనే చెల్లుతుంది, ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహించేది వాళ్ల రాష్ట్రంలోనే. నెట్ ఎక్కడైనా చెల్లుతుంది, జీవితాంతం. రెండూ రాయొచ్చు, సిలబస్ దాదాపు ఒకటే.

మధ్యలో ఒక మెట్టు ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు: జూనియర్ లెక్చరర్. ఇంటర్ కాలేజీ పోస్టు. పీజీ ఉంటే చాలు, నెట్ అడగరు. సబ్జెక్టు పేపరు 300 మార్కులు, పీజీ స్థాయిలో ఉంటుంది. నెట్‌కు చదివినదే అక్కడా పనికొస్తుంది, ఒక్క జనరల్ స్టడీస్ అదనం. 2022 డిసెంబర్‌లో 1,392 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. పరీక్షలు 2023లో, నియామక పత్రాలు 2025 మార్చిలో. అందుకే డీఎస్సీ ఎదురుచూపులతో పోలిస్తే ఇది తేలికని కాదు. కానీ జేఎల్ అయ్యాక జీతం తీసుకుంటూ కాలేజీ అనుమతితో పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేయొచ్చు. నేను పోయిన బాట అదే. ఆలస్యంగానైనా చేరుస్తుంది.

ఒక్క చోటికి మాత్రం వెళ్లనివ్వొద్దు. ఎం.ఏ. అయిన వెంటనే ఏదో కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా రమ్మంటారు. పీరియడ్ లెక్కన డబ్బులు, సెలవుల్లో ఏమీ రావు, ఏటా మళ్లీ దరఖాస్తు. ఊళ్లో "లెక్చరర్ మేడమ్" అంటారు. ఆ పిలుపు తియ్యగా ఉంటుంది. ఒక్క ఏడాదే అనుకుని చేరినవాళ్లు ఎనిమిదేళ్లు, పదేళ్లు అక్కడే ఉండిపోవడం నా కళ్లారా చూశాను. రోజుకు నాలుగు పీరియడ్లు చెప్పి, పేపర్లు దిద్ది, రాత్రి నెట్ పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడతాయి. వాళ్లను ఒక్క మాట అనను. ఆ వ్యవస్థ వాళ్ల మీదే నడుస్తోంది. కానీ నెట్ చేతికి రాకముందు ఆ అమ్మాయి అందులో అడుగుపెట్టకూడదు. వచ్చాక ఒక ఏడాది చేస్తే అనుభవం, రాకముందు చేస్తే ఊబి. డబ్బు కట్టించుకుని పేపర్లు అచ్చువేసే జర్నళ్లు, థీసిస్ రాసిపెడతామనే కంప్యూటర్ సెంటర్లు కూడా ఆ దారిలోనే కనిపిస్తాయి. వాటి గురించి ఒక్క వాక్యం చాలు: వద్దు.

కాబట్టి బాపుకు నేనైతే ఇలా చెప్తాను. రెండేళ్లు అడగండి, అంతకంటే వద్దు. ఈ ఎం.ఏ. ఏడాదిలో ఒకసారి నెట్, అయ్యాక ఇంకో ఏడాదిలో రెండుసార్లు, మధ్యలో సెట్, జేఎల్ నోటిఫికేషన్ పడితే అదీ. ఆ రెండేళ్ల ఖర్చు హాస్టలూ పుస్తకాలూ తప్ప పెద్దగా లేదు. అప్పటికీ జేఆర్‌ఎఫ్‌గానీ ఫెలోషిప్‌గానీ ఏదీ రాకపోతే ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరుతుంది. అప్పుడామెకు ఇరవై నాలుగు నిండవు. బీఈడీకి ఆలస్యం కాదు, చదివిన ఎకనామిక్స్ డీఎస్సీ సోషల్ పేపర్లో వృథా పోదు. ఆయన ఏజెంటుకు డబ్బు కట్టినప్పుడు ఇంత స్పష్టంగా తిరుగుదారి ఎవరూ చెప్పి ఉండరు.

ఆ అమ్మాయికి మాత్రం ఇంకో పని చెప్పండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు రెండు పేజీల ప్రతిపాదన తీసుకెళ్లాలి. పది మందిలో తొమ్మిది మంది "తెలంగాణలో వ్యవసాయాభివృద్ధి: ఒక అధ్యయనం" లాంటి శీర్షికతో వస్తారు. ఆమె దగ్గర పదో తరగతి నుంచి ఒక ప్రశ్న ఉంది. ఇంట్లో తునికాకు తడిపి, కత్తిరించి, వెయ్యి లెక్కన బీడీలు చుట్టే ఆడవాళ్ల పని జాతీయ లెక్కల్లో ఎక్కడ, ఎంత, ఎలా పడుతోంది? సర్వే చేసే మనిషి గుమ్మంలో నిలబడి "ఏం పని చేస్తరు?" అని అడిగితే, చాట ఒళ్లో పెట్టుకుని ఉన్న తల్లి "ఇంటికాడనే ఉంట" అంటుందా, "బీడీలు చేస్త" అంటుందా? దానిమీద అంకె మారిపోతుంది. ఎవరికి ఏ పని ఉందో లెక్కపెట్టే, 2017లో మొదలైన పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే, ఎవరి సమయం ఏ పనికి పోతుందో అడుగుతూ 2019లో దేశమంతా చేసిన టైమ్ యూజ్ సర్వే, రెండింటి సమాచారమూ కేంద్ర గణాంక శాఖ ఉచితంగా ఇస్తోంది. దాన్ని చదవడానికి ఆర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబులో కూర్చుని నేర్చుకోవచ్చు. ఇంటి కథ కాబట్టి దాన్నే చెయ్యాలని బలవంతం లేదు. పేదింటి నుంచి వచ్చిన పిల్ల పేదరికం మీదే పరిశోధన చెయ్యాలని ఎక్కడా రాసిలేదు, వడ్డీ రేట్ల మీద చేసినా నాకు సంతోషమే. కానీ ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు ఏం అడిగినా, తడుముకోకుండా మాట్లాడగలిగే విషయం అయితే మంచిది. హైదరాబాద్‌లో బేగంపేటలోని సెస్, తిరువనంతపురంలోని సీడీఎస్, పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్, ఈ మూడు పరిశోధన సంస్థల పేర్లూ ఆ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోమనండి. మన పిల్లలు దరఖాస్తు పెట్టరు, పేరు వినకపోవడమే కారణం.

ఇవన్నీ నెమ్మదిగా జరిగేవి. రేపే జరగాల్సింది ఒకటుంది. వాళ్లు బీసీలే అనుకుంటున్నాను. బీసీ కుల ధ్రువీకరణ పత్రం ఇంట్లో ఉండే ఉంటుంది, కానీ నెట్‌కు అది చాలదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి. కులం పేరు కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి, సర్టిఫికెట్ మీద ఈ ఆర్థిక సంవత్సరం తేదీ ఉండాలి, అంటే ఏప్రిల్ ఒకటి తర్వాతిది. పాతది పెట్టి జనరల్‌లో పడిపోయి, రెండు మార్కులతో పోగొట్టుకున్న పిల్ల నా స్టూడెంటే. తహసీల్దార్ ఆఫీసులో ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు. ఆదాయం, ఆధార్ కాగితాలు పట్టుకుని మీసేవకు వెళ్లాలి. ఆమె వరంగల్‌లో ఉంటుంది, కాబట్టి ఆ పని వాళ్ల బాపుకే అప్పజెప్పండి.